దించిన కారు, ధర్మవరం రోడ్డు

నా మెకానిక్ షెడ్డు మూసేసి చాలా కాలమైనా, కొత్తగా ఈ పనిలోకి దిగిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే, ఏ కంపెనీ షాకబ్జరు మంచిదని. మంచి చెప్పు ఏదని అడిగితే ఏం చెబుతాం? ముందు కాలు చూడాలి కదా. వాళ్ళకు ఆ జవాబు నచ్చదు. కాఫీ తాగి, ఇంకెవరినో అడుగుదామని వెళ్ళిపోతారు. వెళ్ళిపోయినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

బండి బరువు మోసేది స్ప్రింగు. పాత కార్లలో ముందు చుట్ట స్ప్రింగులు, వెనక ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు కమాన్ పట్టీలు ఉంటాయి. చక్రం గుంతలో పడితే స్ప్రింగు ముడుచుకుంటుంది, లేస్తుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. పెళ్ళి ఊరేగింపులో తప్పెట విన్న బావమరిది లాంటిది అది. ఎగరడం తెలుసు గానీ ఆగడం తెలియదు. వాడి భుజం మీద చెయ్యివేసి, చాల్లే, కూర్చో అనే పెద్దమనిషే షాకబ్జరు. బరువు మోయడం దాని పని కాదు. బరువు మోసేదాన్ని అదుపులో పెట్టడం దాని పని. ఈ ఒక్క ముక్క తెలియక, బండి కుంగిందని షాకబ్జర్లు మార్చినవాళ్ళను నేను లెక్కలేనంత మందిని చూశాను.

హుసేన్ సాబ్ పద్ధతి

నాకు పని నేర్పింది హుసేన్ సాబ్. అనంతపురంలో ఆయన షెడ్డు ఒక పెద్ద చింతచెట్టు కింద, నాలుగు రేకుల నీడలో ఉండేది. ఆయన ఏ బండినీ నున్నటి రోడ్డు మీద నడిపి చూడడు. నున్నటి రోడ్డు మీద ఎడ్లబండి కూడా బాగానే పోతుందనేవాడు. గుంతల దారి పట్టించి, తను వెనక సీట్లో టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. టీ ఒలికితే షాకబ్జరు పోయినట్టు, ఒలకకపోతే ఇంకా కొన్నాళ్ళు నడుస్తుందని లెక్క.

ఒకసారి ఒక సినిమాహాలు యజమాని, తన కారులో లోపమేమీ లేదని గంటసేపు వాదించాడు. హుసేన్ సాబ్ టీ గ్లాసు ఆయన చేతికే ఇచ్చి వెనక కూర్చోబెట్టాడు. తిరిగి వచ్చేసరికి తెల్ల లాల్చీ మీద గుండెల నుంచి బొడ్డు దాకా మరక. ఆయన దిగీ దిగకముందే షాకబ్జర్లు మార్చమన్నాడు. నోటితో చెబితే ఒప్పుకోనివాడు మరకను చూసి ఒప్పుకుంటాడని మా గురువు నమ్మకం.

ఆయనలో నాకు నచ్చనిది కూడా ఒకటుంది. మేము చేసిన తప్పును బండి యజమాని ముందే చెప్పి తిట్టేవాడు. దానివల్ల మేము పని నేర్చుకోలేదు, యజమాని వచ్చేటప్పుడు బండి కింద దూరడం నేర్చుకున్నాం. మీ కింద పనిచేసేవాళ్ళను అలా తిట్టకండి.

ఉలవచెట్లతో వచ్చిన కారు

తొంభైల చివర్లో మా జిల్లా రోడ్లు ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. గుంతలు సరే, వాటికి తోడు ప్రతి ఊరివాళ్ళూ తమ ఇష్టం వచ్చినట్టు రోడ్డుకు అడ్డంగా మట్టీ రాళ్ళూ పోసి దిమ్మె కట్టుకునేవాళ్ళు. ఎక్కడైనా లారీ కింద ఒక గొర్రె పడి చచ్చిందంటే మర్నాటికి అక్కడ దిమ్మె లేచేది, ఆ గొర్రెకే సమాధి కట్టినట్టు. ఇక పంటలు కోసే కాలంలో ఉలవచెట్లు, కొర్రలు తెచ్చి రోడ్డు మీదే పరిచేవాళ్ళు. వచ్చీపోయే బండ్ల చక్రాల కింద గింజలు రాలితే వాళ్ళకు నూర్పిడి పని తప్పుతుంది.

అలాంటి కాలంలో ఒకరోజు మా షెడ్డు ముందు ఒక పాత కారు ఆగింది. అరవైల నాటి గుండ్రటి వీపు కారు, పాలమీగడ రంగు, అద్దంలా తుడిచిన ఇత్తడి అక్షరాలు. చూడ్డానికి ఎంత బాగుందో. కాకపోతే నేలకు బెత్తెడు ఎత్తులో ఉంది, పొదుగుతున్న కోడిలాగా. దాని పొట్ట కింద ఒక మోపు ఉలవచెట్లు ఇరుక్కుని ఉన్నాయి. ముందు సీట్లో యజమాని పక్కన ఒక రైతు తలపాగాతో సహా బిగుసుకుని కూర్చున్నాడు.

దిగీ దిగగానే రైతే ముందు మాట్లాడాడు. “ఈయప్ప నా ఉలవలు ఈడ్చుకోని వచ్చేసినాడు మేస్త్రీ. నిలుపు అంటే నిలపలేదు. పరిగెత్తి ఎక్కినా. నా పంట నాకు తీసియ్యి, నేను పోతా.”

కారు యజమాని పేరు రంగప్ప, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. యాభై దాటిన మనిషి, తెల్లపంచె, నుదుట బొట్టు, మాట నెమ్మది. నిలపమన్నది వినబడలేదని, కింద చప్పుడు ఎక్కువగా ఉందని రైతుకు నచ్చజెప్పుకుంటున్నాడు. మేము జాకీ పెట్టి ఆ చెట్లన్నీ లాగి మోపు కట్టి ఇచ్చాం. రైతు వాటిని విదిలించి చూసి, గింజలు బాగానే రాలాయి గానీ రోడ్డు పొడుగునా రాలాయని బాధపడి, బస్సెక్కాడు.

జాకీ మీద ఉండగానే అసలు సంగతి కనబడింది. బెంగళూరులో ఎవరో ఈ కారును కావాలనే నేలకు దగ్గరగా దించారు. ముందు స్ప్రింగును ఒక చుట్టున్నర కోసేశారు. వెనక ఇరుసుకూ కమాన్లకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టారు. అంతవరకూ చేసి, షాకబ్జర్లను మాత్రం పాతవే వదిలేశారు. కారు కిందికి దిగితే షాకబ్జరు నిలబడిన చోటే సగానికి పైగా ముడుచుకుపోతుంది. ఇంక ముడుచుకోవడానికి చోటుండదు. చిన్న గుంత వచ్చినా లోపలి కడ్డీ అడుగును పోయి గుద్దుతుంది. అలా గుద్దీ గుద్దీ నాలుగూ నూనె కక్కుకుని ఉన్నాయి. రైతు కేక రంగప్పకు వినబడకపోవడంలో అబద్ధం లేదు.

దిమ్మలు తీసేసి, ముందు కొత్త స్ప్రింగులు వేసి కారును మళ్ళీ పైకెత్తుదామని చెప్పాను. రంగప్ప ఒప్పుకోలేదు.

“ఎత్తేది మాత్రం వద్దు మేస్త్రీ. ఇంకేమన్నా చెయ్యి.”

“యాలన్నా దించింది?” అని కారణం అడిగాను.

ఆయన పక్కకు చూస్తూ చెప్పాడు. “స్టైలు కోసం. బెంగళూరులో అందరూ ఇట్లే చేస్తాండారు.”

పంచెకట్టు, బొట్టు, కిర్రుచెప్పులు చూసి షెడ్డులో ఒక్కరూ నవ్వు ఆపుకోలేకపోయారు. నేను నవ్వలేదు గానీ నమ్మాను. మనిషికి ఏ వయసులో ఏ పిచ్చి పుడుతుందో ఎవరికి తెలుసు?

గట్టివి, మెత్తవి

కారులో ఎంతమంది ఎక్కుతారని అడిగితే, నేనొక్కణ్ణే అన్నాడు. సరే, స్టైలు కారు, ఒక్క మనిషి అనుకుని బెంగళూరు నుంచి పొట్టి షాకబ్జర్లు, బాగా గట్టివి తెప్పించి వేశాను. రాప్తాడు దాకా పెద్దరోడ్డు మీద పోయి వచ్చాం. కారు తీగమీద పూసలా సాగింది. టీ చుక్క ఒలకలేదు. రంగప్ప సంతోషంగా వెళ్ళాడు, నేనూ సంతోషించాను. గురువు మాట మరిచి నున్నటి రోడ్డు మీద చూశానని ఆ క్షణాన నాకు తోచలేదు.

కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చాడు. పల్లెదారుల్లో ప్రతి రాయీ నేరుగా వెన్నులో తగులుతోందట, నడుము పట్టేసిందట. “నాకే మేస్త్రీ, నాకే పట్టింది,” అని అడగకుండానే రెండుసార్లు చెప్పాడు. చెబుతూ చెబుతూ కిందపడిన నా పానాను చటుక్కున వంగి తీసి ఇచ్చాడు. నడుము పట్టిన మనిషి అలా వంగడం నేను ఎక్కడా చూడలేదు.

ఈసారి మెత్తవి వేశాను. వాటితో కారు పడవలా ఊగిందట. బత్తలపల్లె దాటాక ఒక ఊరి దిమ్మె మీద పొట్ట ఆని, ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఒకవైపు గాల్లో ఉండిపోయిందట. ఊరివాళ్ళు వచ్చి ఎత్తి దించారట. ఆ చెప్పడం కూడా వింతగా ఉంది. “మేము ఎట్ల దిగల్లో తెలీక...” అన్నాడు, వెంటనే “నేను” అని దిద్దుకున్నాడు.

కారు కింద పడుకుని చూస్తే కమాన్లలో వెనక ఎడమది ఎక్కువ కుంగి ఉంది. ఒంటరిగా నడిపేవాడి కారు కుంగితే డ్రైవరు వైపు, అంటే కుడివైపు కుంగాలి. ఎడమ పక్క ఎవరు కూర్చుంటారని అడిగాను. చీరల మూటలు పెడతానన్నాడు. ఏ మూట అయినా అంత బరువుండదు. ఒకరోజు మీ వెంట వచ్చి మీ దారులు చూస్తానంటే, గాబరాపడి వద్దన్నాడు.

నేను మాత్రం వెళ్ళాను. ధర్మవరంలో మా చుట్టాల ఇంట్లో పనిపడితే, అది చూసుకుని పొద్దునే ఆయన ఇంటి ముందుకు పోయి నిలబడ్డాను.

వెనక సీటు

కారు వీధిలో ఉంది. వెనక ఎడమ తలుపు తెరిచి పట్టుకుని రంగప్ప నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి వాళ్ళమ్మ అచ్చమ్మ వచ్చింది. భారీ మనిషి, ముతక పట్టుచీర, చేతిలో కర్ర. రెండు మోకాళ్ళూ సరిగ్గా వంగవని నడక చూస్తేనే తెలుస్తోంది. ఆమె కారు దగ్గరికి వచ్చి, వెనక్కి తిరిగి, మంచం మీద కూర్చున్నట్టు సీటు అంచున కూర్చుంది. తర్వాత ఒక్కొక్క కాలే లోపలికి తీసుకుంది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. కారు నేలకు అంత దగ్గరగా లేకపోతే ఆ పని ఆమె వల్ల కాదు.

నన్ను చూడగానే రంగప్ప ముఖం పాలిపోయింది. “అమ్మా, ఈయప్ప పట్టుదారం వ్యాపారం,” అని చెప్పేసి, మూటలు తెస్తానని లోపలికి జారుకున్నాడు.

అచ్చమ్మ నన్ను తల నుంచి కాలి దాకా చూసింది. చూపు నా చేతుల దగ్గర ఆగింది.

“ఏ ఊరప్పా నీ షెడ్డు?”

దాచి లాభం లేదు. “అనంతపురమమ్మా.”

“అనుకుంటి. ఆ గ్రీజు గోళ్ళతో పట్టుదారం అమ్మితే ఎవరు కొంటారప్పా?” ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “కారు ముసిల్దయి కుంగిపోయిందని వాడు నాతో చెప్పినాడు. నేను సరేలే అన్నా. కుంగితే ఒకపక్క కుంగుతాది గానీ, బెంగళూరు పోయివచ్చినంతలో నాలుగు పక్కలా సమంగా కుంగుతాదా?”

తెలుసని కొడుకుతో చెప్పవచ్చు కదా అన్నాను.

“చెప్తే వానికి సిగ్గు. నాకూ సిగ్గే. ముందర ఇద్దరు మనుషులు పట్టుకోని నన్ను మూట మాదిరి లోపలికి తోస్తాండ్రి. వీధంతా చూస్తాండె. ఆ సిగ్గుకే బయటికి పోయేది మానుకుంటి. ఇప్పుడు నేనే ఎక్కుతాండా, నేనే దిగుతాండా. నాకు తెలుసని వానికి చెప్పొద్దు. నడుము మాత్రం ఇరగకుండా చూడు.”

మగ్గాల దగ్గరికి పోయి రంగులు చూసేది, అంచు కుదిరిందా లేదా చెప్పేది ఆమేనని ఆ రోజే తెలిసింది. రంగప్ప అమ్ముతాడంతే. ఆమె ఇంట్లో కూర్చుండిపోయిన కాలంలో నేతగాళ్ళు చూపించిన రంగుకల్లా ఆయన తల ఊపి, అమ్ముడుపోని చీరలతో బీరువాలు నింపాడట. గట్టి షాకబ్జర్లు వేసినప్పుడు నడుము పట్టి మంచాన పడిందీ ఆమే. ఇంకోసారి అలా అయితే కారు ఎక్కనివ్వద్దని డాక్టరు చెప్పాడట. దిమ్మె మీద ఇరుక్కున్న రోజు రంగప్ప దిగినా ఆమె దిగలేకపోయింది. “నన్ను కారుతో పాటే ఎత్తినారప్పా, ఉత్సవ విగ్రహం మాదిరి. ఒకామె చెయ్యెత్తి మొక్కింది గూడా,” అని చెప్పి కడుపు కదిలేలా నవ్వింది.

తర్వాత రంగప్పను పక్కకు పిలిచి, సంగతి అర్థమైందన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. “ఎవరితోనూ అనొద్దు మేస్త్రీ. మీ షెడ్డుకు వచ్చే డ్రైవర్లంతా ధర్మవరమోళ్ళే. అమ్మ కోసం దించినానని తెలిస్తే ఆమె ఇంక ఎక్కదు.”

ఇద్దరి రహస్యమూ ఒకటే. ఇద్దరూ నా దగ్గరే దాచుకున్నారు. నా వృత్తిలో అంత బరువు నేనెప్పుడూ మోయలేదు.

ఎంచిన పద్ధతి

ఇప్పుడు పని సులువైంది. ఇక్కడ కుర్రాళ్ళు కొంచెం మనసు పెట్టి చదవాలి.

కారును ఖాళీగా పెట్టి కొలవకూడదు. అచ్చమ్మ బరువుకు సరిపడా ఇసుక బస్తాలు ఎడమ వెనక సీట్లో, చీరల మూటల బరువు డిక్కీలో, రంగప్పను స్టీరింగు ముందు పెట్టాను. షాకబ్జరు పైన బిగించే చోటు నుంచి కింద బిగించే చోటు దాకా ఎంతుందో కొలిచాను. తర్వాత కారును ఎత్తి చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు ఎంతో, ఇరుసు తగలకుండా పైన ఉండే రబ్బరు దిమ్మకు ఆనేదాకా నొక్కినప్పుడు ఎంతో కొలిచాను. మనం వేసే షాకబ్జరు పూర్తిగా ముడిచినప్పుడు ఆ చివరి కొలత కంటే పొట్టిగా ఉండాలి. అప్పుడే దెబ్బ రబ్బరు తింటుంది, షాకబ్జరు తినదు. మరీ పొడుగ్గా తెరుచుకునేదీ పనికిరాదు. కోసిన స్ప్రింగు, చక్రం వేలాడినప్పుడు వదులై తన గూట్లోంచి జారిపోవచ్చు.

కొలతలు కుదిరాక గుణం చూడాలి. షాకబ్జరును నిలబెట్టి చేత్తో నొక్కండి, లాగండి. నొక్కితే సులువుగా ముడుచుకోవాలి. లాగితే బిగువుగా, నిదానంగా రావాలి. కోసిన స్ప్రింగు గట్టిపడి ఉంటుంది కాబట్టి వెనక్కి తన్నే జోరు ఎక్కువ. ఆ జోరును ఆపాలి, కానీ రాయి తగిలిన దెబ్బను వెన్నులోకి పంపకూడదు. నేను మొదట వేసినవి రెండువైపులా గట్టివి, తర్వాత వేసినవి రెండువైపులా మెత్తవి. చివరికి ఒక చిన్న వ్యానుకు వాడే పొట్టి షాకబ్జర్లలో ఆ గుణం కనబడింది. చివరల ఉండే రబ్బరు బుష్షులు మార్చి బిగించాం.

అవి వేసినా వెనక ముడుచుకునే చోటు ఇంకా చాల్లేదు. బెంగళూరువాడు ఇరుసు దగ్గర పెట్టిన ఇనుప దిమ్మలను రెండు వేళ్ళ మందం తగ్గించాలి. తగ్గిస్తే కారు లేస్తుంది, సీటు ఎత్తవుతుంది. స్టైలు కోసమైతే ఇక్కడే ఆగిపోయేవాణ్ణి. మోకాళ్ళ కోసమని తెలుసు కాబట్టి దారి దొరికింది. కారును రెండు వేళ్ళు ఎత్తి, వెనక సీటు కింది చట్రాన్ని రెండు వేళ్ళు కోశాం. సీటు నేలకు ఎంత ఎత్తులో ఉండేదో అంతే ఉంది. దించాల్సింది కారును కాదు, కూర్చునే చోటునని బెంగళూరువాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు స్టైలు అని చెప్పాడు.

ఈసారి బత్తలపల్లె దారే పట్టాం. అచ్చమ్మ ఎక్కి కూర్చుని, చేత్తో సీటును తడిమి, “సీటు గూడా ముసిల్దయిపోయినట్టుండాదే,” అని కొడుకుతో అంటూ నావైపు చూసింది. ఔనమ్మా, కాలం అట్లాంటిది అన్నాడు రంగప్ప. నేను కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చున్నాను.

టీ గ్లాసు ఆమె చేతికే ఇచ్చాం. గుంతలు పోయాయి, రాళ్ళు పోయాయి. తమను ఎత్తి దించిన ఊరి దిమ్మె వచ్చింది. రంగప్ప మెల్లగా ఎక్కించాడు. కారు ఒకసారి వంగి, లేచి, నిలకడగా దిగింది. ఇద్దరం తిరిగి చూశాం.

“ఒలకలేదు,” అంది అచ్చమ్మ. ఒక గుక్క తాగింది. “చక్కెర తక్కువైంది.”

తర్వాత

ఆ కారులో ఆమె చాలా ఏళ్ళు మగ్గాలు తిరిగింది. మధ్యలో ఎన్నోసార్లు నూనె కారిందని, బుష్షు పోయిందని కారు నా దగ్గరికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఇసుక బస్తాలు ఎక్కించే కొలిచేవాణ్ణి. దాన్ని చూసి అనంతపురం కుర్రాళ్ళు కొందరు తమ కార్లనూ దించమని వచ్చేవాళ్ళు. ఎందుకు దించాలని నేను నాలుగైదు రకాలుగా అడిగేసరికి విసుగొచ్చి వేరే షెడ్డుకు పోయేవాళ్ళు. వాళ్ళలో కొందరు తర్వాత దిమ్మెల మీద దొరికారు.

పెద్దరోడ్డును నాలుగు వరసలుగా వెడల్పు చేసే పనులు మొదలైన రోజుల్లో అచ్చమ్మ పోయింది. కబురు తెలిసి వెళ్ళి చూసి వచ్చాను. కొన్ని నెలల తర్వాత రంగప్ప కారుతో షెడ్డుకు వచ్చాడు. ముందు షాకబ్జర్లు రెండూ పోయాయి. టీ తెప్పించాను. కాసేపు అమ్మ గురించే మాట్లాడాడు.

“కడదాకా ఆమెకు తెలీలేదు మేస్త్రీ,” అన్నాడు. “కారు ముసిల్దయి కుంగిందనే అనుకునింది.”

“ఔన్నా,” అన్నాను. ఆమెకిచ్చిన మాట అది.

ఇక దించి ఉంచాల్సిన పని లేదు కదా, కారును మొదట ఉన్నట్టే పైకెత్తేయనా అని అడిగాను. ఆయన బల్ల మీంచి లేవబోయి, రెండు చేతులూ తొడల మీద ఆనించి, మెల్లగా నిలబడ్డాడు.

“ఉండనీలేప్పా,” అన్నాడు. “ఆస్తిలో తమ్మునికి సగం పోయింది. మోకాళ్ళు మాత్రం రెండూ నాకే వచ్చినాయి.”

ఇసుక బస్తాలు వెనక ఎక్కించకుండా, ఆయన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి కొత్తగా కొలతలు తీసుకున్నాను. ఈసారి డ్రైవరు సీటు చట్రం కోశాను.